పుట్టినరోజుకి పుట్టినూరికి

"విజయవాడ వెళ్దామా?" అన్నాను. ఖమ్మంలో ఉండేవాళ్ళకి పుట్టినరోజైనా, పెళ్ళిరోజైనా ముందు గుర్తొచ్చేది బెజవాడే. ఓ సినిమా, ఓ హోటల్ భోజనం, బీసెంట్ రోడ్డులో చీరలు... రాత్రికి ఇంటికి. మా ఆవిడ మాత్రం "భద్రాచలం పోదామండీ. అట్నుంచటే ఏటపాక చూసొద్దాం" అంది. ఏటపాక తను పుట్టిన ఊరు, వాళ్ళ అమ్మమ్మగారి ఊరు. అమ్మమ్మ పోయాక పన్నెండేళ్ళుగా అటువైపు వెళ్ళనే లేదు.

పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, శనివారం పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఖమ్మం చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపించి మా ఆవిడ జీరో టికెట్ తీసుకుంది. "చూశారా, ఖర్చు సగం తగ్గించా" అని నవ్వింది.

దూరం 120 కిలోమీటర్లు. తల్లాడ దాటి, కొత్తగూడెం బొగ్గు ఊరు దాటితే పాల్వంచ. రామదాసు తహశీల్దారుగా చేసింది ఇక్కడే. ఎంతో దూరం నుంచే కనిపించే థర్మల్ స్టేషన్ పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. చిన్నప్పుడు అవి కనపడితే చాలు, అమ్మమ్మ ఊరు వచ్చేసిందని చెప్పులు వేసుకునేదట. ఈసారి ఆ గుర్తు లేక కిటికీలోంచి తొంగి చూస్తూనే ఉంది. పాల్వంచ తర్వాత టేకు చెట్లు, వెదురు పొదలు. సారపాక కాగితం మిల్లు దాటామో లేదో, గోదారి! 1965లో వంతెన కట్టేదాకా ఇక్కడ పడవ దాటాల్సిందే.

సాయంత్రం దర్శనం తీరిగ్గా అయింది. శ్రీరామనవమికి అడుగు పెట్టలేని ఊరు, మామూలు శనివారం ఇంత ప్రశాంతంగా ఉంటుందని అనుకోలేదు. ఎడమ తొడ మీద సీతమ్మ, నాలుగు చేతుల రాముడు, కుడిచేతిలో శంఖం, ఎడమచేతిలో చక్రం. రామదాసు చేయించిన చింతాకు పతకం చూడటం మాత్రం మర్చిపోకండి.

రాత్రి కరకట్ట మీద నడిచాం. కింద చీకట్లో నీళ్ళు నిద్రపోతున్నట్టున్నాయి. ఇదే గోదారి 2022 జులైలో 71.3 అడుగులకొచ్చింది. 1986లో అయితే 75.6. ఇక్కడి పిల్లలకు ఎక్కాలతోపాటు 43, 48, 53 కూడా వచ్చు. మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు అవి.

ఆదివారం పుట్టినరోజు. పొద్దున్నే నిత్యకల్యాణంలో కూర్చున్నాం. పూజారిగారు గోత్రం, పేర్లు అడిగారు. ఊరు అడగలేదు. కేకు లేదు, పులిహోర ఉంది. తర్వాత ఆటో మాట్లాడుకుని పర్ణశాల బయల్దేరాం. 35 కిలోమీటర్లు. సీత వాగు రాళ్ళ మీద నారచీరల గుర్తులు చూపిస్తారు. రంగులేసిన సిమెంటు బొమ్మలు నాకు నచ్చలేదు గానీ, పక్కనే పారే గోదారి కోసం ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు.

ఆ దారిలోనే ఏటపాక. జటాయువు పడిపోయింది ఇక్కడేనని చెబుతారు. భద్రాచలం ఇళ్ళు అయిపోగానే ఆటో రాష్ట్రం దాటేసింది. ఫోను కూడా పట్టించుకోలేదు, బోర్డు మీద రాష్ట్రం పేరు మారిందంతే. అమ్మమ్మ పుట్టినప్పుడు ఇది తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం డివిజన్‌ని ఖమ్మంలో కలిపారు కనక మా అత్తగారు, మా ఆవిడ ఖమ్మం జిల్లాలో పుట్టారు. 2014లో పోలవరం ముంపు పేరుతో, భద్రాచలం పట్టణాన్ని మాత్రం వదిలి చుట్టూ ఉన్న ఊళ్ళను ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు. రాముడి గుడి తెలంగాణలో, ఆయన వందల ఎకరాల మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో! 2022లో ఏటపాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. అప్పుడు కలెక్టరాఫీసు పాడేరులో. ఎక్కడి పాడేరు, ఎక్కడి ఏటపాక!

పర్ణశాల నుంచి వస్తూ ఆగాం. అమ్మమ్మ ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. పెంకుల చోట రేకులొచ్చాయి. వేపచెట్టు ఉంది. మా ఆవిడ దాని కింద నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఎదురింటి ముసలమ్మే గుర్తుపట్టింది. "ఎవరూ... చిన్నదానివి కదూ? ఎప్పుడొచ్చావే?" అంటూ చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. పుట్టినరోజని తెలిసి, "నువ్వు పుట్టిన రాత్రి మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనేగా" అంది.

"భద్రాచలం వెళ్తుంటావా పెద్దమ్మా?" అనడిగింది మా ఆవిడ.

"వెళ్ళక? ఆస్పత్రి అక్కడే, సరుకులు అక్కడే. మీ బస్సెక్కితే మాత్రం నాకు టికెట్ కొడతారు. నీకు ఊరికేనట కదా?"

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ ఊళ్ళో పుట్టిన తను ఉచితం. ఆ ఊరు దాటని పెద్దమ్మకు టికెట్. ఆ కార్డు నవ్వు మళ్ళీ నవ్వలేదు.

వచ్చేస్తుంటే పెద్దమ్మ పాదు మీద గుమ్మడికాయ కోసిచ్చింది. వద్దంటే వినలేదు. సాయంత్రం బస్సులో ఖమ్మం దాకా అది మా ఆవిడ ఒళ్ళోనే ఉంది. "దీనికీ టికెట్ కొట్టనా అమ్మా?" అన్నాడు కండక్టర్ సరదాగా.

"కొట్టండి. ఇది ఆంధ్రాది" అంది.