ఐదో ‘ఎందుకు’

బాగా నడిచే ఐటీ కంపెనీకీ, నడవలేక నడిచే కంపెనీకీ తేడా లాబీలో తెలీదు. మాదాపూర్‌లో ఏ బిల్డింగ్ ఎక్కినా అవే అద్దాలు, అదే కాఫీ మిషన్, గోడ మీద అవే పెద్దమాటలు: నమ్మకం, పారదర్శకత, కస్టమరే ముందు. జీతం కూడా టైముకే పడుతుంది. అందుకే నడవలేక నడిచే కంపెనీలో పనిచేసే కష్టం ఊళ్లో అమ్మానాన్నలకి చెప్పుకుంటే అర్థం కాదు. “ఏసీలో కూచోబెట్టి డబ్బులిస్తుంటే ఇంకేం బాధరా నీకు?” అంటారు. ఎండలో పని చేసినవాళ్లు, వాళ్లని ఏమనగలం?

తేడా తెలిసేది పొద్దున స్టాండప్ మీటింగులో. స్క్రమ్ అనే సాఫ్ట్‌వేర్ పని పద్ధతి రాసినవాళ్లు ఈ మీటింగుకి పెట్టిన గడువు 15 నిమిషాలు. నిలబడి మాట్లాడితే కాళ్లు లాగి త్వరగా తెముల్చుకుంటారని ఈ నిలబడే ఏర్పాటు. నేను పనిచేసిన ఒక కంపెనీలో కుర్చీలు లాక్కుని, టీలు తెచ్చుకుని, ముప్పావుగంట కానిచ్చేవాళ్లం. నిన్న ఏం చేశామో ఒక్కొక్కరం అప్పజెప్పడం, మేనేజరు “ఎప్పటికవుతుంది?” అనడం. ఏదో ఒక తేదీ చెబితేగానీ వదలడు. ఆ తేదీ ఆయన పైఆయనకి, ఆయన ఇంకో పైఆయనకి, ఆయన చికాగోలో క్లయింటుకి చెబుతారు. చెప్పినవాడికే నమ్మకం లేని తేదీ మూడు మెట్లెక్కేసరికి ఒప్పందమై కూచుంటుంది.

ఇదంతా మేనేజర్లు లేక కాదు. ప్రాజెక్ట్ మేనేజర్, డెలివరీ మేనేజర్, ప్రోగ్రామ్ మేనేజర్, అందరూ ఉన్నారు, అందరూ పొద్దుపోయేదాకా కాల్స్‌లో ఉంటారు. వాళ్లు సోమరులని నేననను. “సరే, చెయ్యండి, ఏమైనా అయితే నేను చూసుకుంటా” అనే మనిషి మాత్రం ఆ వరసలో ఎక్కడా దొరకడు.

మా టీములో ఒక శ్రీకాకుళం కుర్రాడుండేవాడు. రోజూ లంచ్‌కి లేచేముందు ఒక సర్వర్‌లోకి వెళ్లి, ఒక కమాండ్ కొట్టి, అప్పుడు క్యారేజీ తీసేవాడు. ఏమిటదని అడిగితే, పాత లాగ్ ఫైళ్లు తీసేస్తున్నానన్నాడు. చికాగోలో అర్ధరాత్రి దాటాక, అంటే మనకి మధ్యాహ్నం, క్లయింటు బిల్లులన్నీ ఆ సర్వర్‌లో తయారవుతాయి. డిస్క్ చిన్నది. తీయకపోతే నిండిపోతుంది. డిస్క్ పెంచమని టికెట్, అంటే అర్జీ, పెట్టారు, పాత ఫైళ్లు వాటంతటవే పోయే ఏర్పాటు చేస్తామనీ పెట్టారు. రెండింటికీ ముగ్గురు ఒప్పుకోవాలి. ఒకాయన ఇక్కడ, ఒకాయన బెంగళూరులో, ఒకాయన న్యూజెర్సీలో. టికెట్ ఆ ముగ్గురి మధ్యా నెలల తరబడి తిరుగుతూనే ఉంది. ఇతనికి ముందు ఆ సీట్లో ఉన్నమ్మాయి కంపెనీ మానేస్తూ ఈ పని చెవిలో వేసి వెళ్లింది. ఎక్కడా రాసి లేదు.

చెల్లెలి పెళ్లికని అతను సెలవు పెట్టాడు. రెండో రోజుకే డిస్క్ నిండింది. మనకి పొద్దుగూకే వేళకి చికాగోలో తెల్లారి, బిల్లులు లేవని గగ్గోలు. కాల్‌లో పాతికమంది చేరారు. కుర్రాడికి ఫోన్ చేస్తే వెనకాల సన్నాయి మేళం. “ఏటన్నా, ముహూర్తం దగ్గరపడింది” అంటూనే కమాండ్ చెప్పాడు. ఫైళ్లు చెరిపే కమాండ్‌లో ఒక స్పేస్ అటూ ఇటూ అయితే ఉండాల్సినవి కూడా పోతాయి. డోలు మోతలో ఆ స్పేస్ ఎక్కడుందో ఎవరికీ వినపడలేదు. ఎంటర్ నొక్కడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. చివరికి అతను పీటల పక్కన కూచుని వాట్సాప్‌లో టైప్ చేసి పంపాడు. బిల్లులు కదిలాయి.

మర్నాడు రూట్ కాజ్ మీటింగు. టొయోటా నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది, ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడగడం. అక్కడి ఇంజనీరు తైచి ఓనో చెప్పిన ఉదాహరణ అందరూ చెప్పుకునేదే: యంత్రం ఆగింది, ఫ్యూజు పోయింది కనక, బేరింగ్‌కి నూనె చాలక ఫ్యూజు పోయింది, పంపు సరిగా తోడక నూనె అందలేదు, పంపు షాఫ్ట్ అరిగింది, ఎందుకరిగింది? జల్లెడ లేక ఇనప రజను లోపలికి పోయింది. మా వరస కూడా బాగానే మొదలైంది. బిల్లులు ఎందుకు రాలేదు? డిస్క్ నిండింది. ఎందుకు? లాగ్ ఫైళ్లు తీయలేదు. ఎందుకు? తీసేవాడు సెలవులో ఉన్నాడు. మనిషి ఎందుకు తీయాల్సొచ్చింది? టికెట్ తేలలేదు. ఎందుకు తేలలేదు?

“ఇది ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం” అన్నారు ప్రోగ్రామ్ మేనేజర్.

ఓనోకి ఐదో జవాబు జల్లెడ. మాకు ముగ్గురు మనుషులు. జల్లెడకి హోదా ఉండదు, కోపమూ రాదు. రిపోర్టులో మాత్రం సెలవు మీద వెళ్లే ఉద్యోగి పని అప్పగించి వెళ్లలేదని రాశారు. పరిష్కారంగా సెలవుకి కొత్త ఫారం పెట్టారు. దాని మీద సంతకాలు, మీరనుకున్నట్టే, ఆ ముగ్గురివే. ఆ ఏడాది అప్రైజల్లో కుర్రాడికి మధ్యరకం రేటింగు వచ్చింది. మధ్యాహ్నం కమాండ్‌కి టికెట్ నంబర్ లేదు మరి.

ఆ తర్వాత ప్రాజెక్టు వెనకపడిందని ఆరుగురి టీములో ఇంకో ఎనిమిది మందిని వేశారు. ఐబీఎంలో సిస్టమ్/360 ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అనే పుస్తకంలో చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని. లెక్క కష్టమైంది కాదు. ఆరుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 15 జంటలు, పద్నాలుగు మందికి 91. పని తెలిసినవాడు పని మానేసి తెలియనివాళ్లకి పాఠం చెప్పాలి. మా కుర్రాడు పొద్దంతా ఆ ఎనిమిది మందికీ పని నేర్పించి, రాత్రి తన పని చేసుకునేవాడు. చివరికి రాజీనామా ఇచ్చాడు. అమెరికాలో మామూలుగా రెండు వారాల ముందు చెబితే మర్యాద. మన దగ్గర చాలా ఐటీ కంపెనీల్లో 90 రోజులు ఉండాలి, లేకపోతే రిలీవింగ్ లెటర్ రాదు. ఆ 90 రోజుల్లోనూ టికెట్ తేలలేదు.

ఇలాంటి కంపెనీలు మునిగిపోతాయని నేను చెప్పలేను. ఎవరో ఒకరు లంచ్‌కి ముందు కమాండ్ కొడుతూనే ఉంటారు కనక చాలా ఏళ్లు నడుస్తాయి. పైవాళ్లకి అంతా బాగానే ఉన్నట్టు కనిపించడానికి కారణం కూడా అదే. కింద పనిచేసేవాళ్ల మంచితనాన్ని వాళ్లు తమ సమర్థత ఖాతాలో వేసుకుంటారు.

ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇంటర్వ్యూ చివర్లో “మీరేమైనా అడగాలనుకుంటున్నారా?” అంటారు. జీతం సంగతి, వర్క్ ఫ్రమ్ హోమ్ సంగతి ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు, కిందటిసారి మీ సిస్టమ్ ఆగిపోయినప్పుడు సరిచేసిందెవరు, ఆ మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడా అని కూడా అడగండి.