అమ్మీకి నాలుగు రోజులు

మేము ముగ్గురం చదువుకొంటున్నవారం. నాలుగవవాడు మా తమ్ముడు, వానికి పంతొమ్మిదేండ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు, తనంతట కూర్చోలేడు. మాట స్పష్టంగా రాదు గాని నవ్వుతో అన్నీ చెబుతాడు. వానికి అన్నం పెట్టడం, స్నానం చేయించడం, రాత్రివేళ రెండు గంటలకొకసారి ప్రక్క తిప్పడం అన్నీ అమ్మీ పనులే. పెండ్లిళ్ళకు మేమందరం బయలుదేరితే, గడపలో నిలిచి సాగనంపేది ఆమె ఒక్కతే. ఆ దృశ్యం మాకెంతగా అలవాటైనదంటే, అందులో అన్యాయమున్నదన్న సంగతే మాకు తోచలేదు.

గత సంవత్సరం నంద్యాలలో అమ్మీ తల్లి, మా నానీ, జబ్బుపడింది. అమ్మీ వెళ్ళక తప్పలేదు.

“వాడు అల్లాహ్ మనకిచ్చిన అమానత్. అమానత్‌ను ఇతరుల చేతిలో పెడతారా?” అన్నది.

“మేము ఇతరులమా, అమ్మీ?” అని అడిగాం. ఆమె బదులు పలుకలేదు. మాచేత ఒక కాగితంపై అన్నీ వ్రాయించింది: అన్నం మెత్తగా కలపాలి, తల నిలిపి కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి, తిన్న వెంటనే పడుకోబెట్టరాదు, మాత్రల వేళ తప్పరాదు.

మొదటి రోజు తమ్ముడు మా చేతి ముద్ద సరిగా తినలేదు. ద్వారం వైపే చూశాడు. రాత్రి వంతులు వేసుకొని మేల్కొన్నా, తెల్లవారేసరికి మా ఒళ్ళు హూనమైనది. ముగ్గురం ఒక్క రాత్రి మోయలేని భారాన్ని ఆమె ఒక్కతే ఇన్నేండ్లు మోసింది! మూడవనాడు వాడు కడుపునిండా తిని నవ్వాడు. నాలుగవనాడు అమ్మీ తిరిగివచ్చి, వాణ్ణి ఆసాంతం తడిమి చూసుకొన్నది. పిదప మెల్లగా, “నానీ కుదుటపడిన రాత్రి తెల్లవార్లూ నిద్రపోయాను. లేవగానే ఏదో పాపం చేసినట్లనిపించింది” అన్నది. ఆ మాట మమ్మల్ని కలచివేసింది.

సంరక్షకులకు కొన్నాళ్ళు విశ్రాంతి కల్పించే ఈ పద్ధతిని రెస్పైట్ కేర్ అంటారు. 1999 నాటి చట్టంచే ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ‘సమర్థ్’ అను పథకంలో దీనికి చోటు కల్పించినది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లమంది. వారందరికీ ఇంతటి సేవ అవసరం లేకపోవచ్చు. అవసరమున్న కుటుంబాలకు మాత్రం ఇట్టి గృహాలు ప్రతి ఊరా లేవు.

కావున సోదర విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి ఏటా 120 గంటలు సేవ చేయవలసియున్నది. చెట్లు నాటడం మంచిదే. అందులో కొన్ని గంటలు, తగిన శిక్షణ పొంది, ఇట్టి ఇండ్లలో తల్లికి తోడుగా కూర్చుంటే ఎంత మేలు! మొదట తల్లి ఇంట ఉండగానే వెళ్ళాలి. బిడ్డకు మన ముఖం, మన చేయి అలవాటు కావాలి. నమ్మకం కుదిరిన తరువాతనే ఆమె గడప దాటగలదు.

వచ్చే నెల నంద్యాలలో మేనమామ కూతురి పెండ్లి. అమ్మీ వెళుతున్నది. ఈసారి గడపలో నిలిచి సాగనంపేది మేము, మా తమ్ముడు.