దాలి మూలకి వచ్చిన పొయ్యి

ఇంట్లోకి పెద్ద వస్తువేదైనా వస్తోందంటే మగవాళ్ళు ధర గురించి మాట్లాడుకుంటారు. మనకి మాత్రం మొట్టమొదట వచ్చే సందేహం "దాన్ని ఎక్కడ పెట్టాలి?" అనే. ఫ్రిజ్ కొన్నప్పుడూ అంతే, వాషింగ్ మెషిన్ కొన్నప్పుడూ అంతే. ఇక డెబ్బై అయిదు కిలోల పింగాణీ పొయ్యి, అదీ విజయవాడ వన్ టౌన్‌లో, కొత్తపేట కొండవాలు సందులో ఉన్న మా ఇంటికి వస్తోందంటే నా పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మావాడు ఎనిమిదేళ్ళు అట్లాంటాలో ఉద్యోగం చేసి 2021లో వచ్చేశాడు. ఇప్పుడు ఇంట్లోంచే పని. అక్కడ ప్రతి ఇంటి వెనకా పెరట్లో బొగ్గుల మీద వండుకు తినడం చూసి, తనూ నేర్చుకుని, ఆ సరదా ఇక్కడిదాకా మోసుకొచ్చాడు. రెండేళ్ళు ఆగి, 2023 కార్తీకమాసం వెళ్ళగానే హైదరాబాద్‌లో ఆ పొయ్యి అమ్మేవాళ్ళెవరో ఉన్నారని కనుక్కుని డబ్బు కట్టేశాడు. కట్టేశాక నాతో చెప్పాడు. "ఇక ఆదివారం వంట నాదమ్మా, నువ్వు వంటింట్లోకి రావద్దు" అన్నాడు. కొడుకు ఆ మాటంటే వద్దనే తల్లి ఎవరైనా ఉంటే నాకో కార్డు ముక్క రాయండి. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో నాకు ఆదివారం సెలవిస్తానన్నది వాడొక్కడే.

ధర ఎంతో చెప్పను. చుట్టాలకి సగం చెప్పాను. అత్తయ్యగారికి పదో వంతు చెప్పాను. దానికే ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

అసలు ఇదేమిటంటే, కోడిగుడ్డు ఆకారంలో ఉండే మందపాటి మట్టి పొయ్యి. పైన పింగాణీ మెరుపు, కింద గాలి పోవడానికి చిన్న తలుపు, నెత్తిన పొగ పోవడానికి చిన్న కన్నం. మధ్యలో బొగ్గులు, వాటి మీద ఇనుప జల్లెడ, ఆ పైన బోర్లించినట్టు మూత. పుట్టిల్లు జపాన్. అక్కడ పొయ్యిని కమాడో అంటారట. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడున్న అమెరికా సైనికులు ముచ్చటపడి తమ దేశానికి తీసుకెళ్ళారు. 1974లో ఎడ్ ఫిషర్ అనే ఆయన అట్లాంటాలో దుకాణం పెట్టి బిగ్ గ్రీన్ ఎగ్ అనే పేరుతో అమ్మడం మొదలుపెడితే అదో పెద్ద వ్యాపారమై కూర్చుంది. ఆ మాటకొస్తే మట్టి గోడల మధ్య నిప్పు పెట్టి వండడం మనకేం కొత్త కాదు. రాజస్థాన్‌లోని కాళీబంగన్ తవ్వకాల్లో వేల ఏళ్ళనాటి తందూరు లాంటి పొయ్యిలు బయటపడ్డాయి.

సరే, ఎక్కడ పెట్టాలి? మా పెరడు పేరుకే పెరడు. వెనక గోడంటే కొండరాయే. వేసవిలో రాత్రి పదకొండింటికి కూడా ఆ రాయి సెగలు కక్కుతూనే ఉంటుంది. ఈ ఊరికి బ్లేజ్‌వాడ అనే పేరు ఊరికే రాలేదు. ఉన్న కాస్త జాగాలో ఒకవైపు తులసికోట, ఒకవైపు రుబ్బురోలు, ఒకవైపు బట్టలుతికే బండ. పైన రేకు ఉండి, వాన తగలకుండా, గాలి ఆడే చోటు ఒక్కటే మిగిలింది. అది దాలి మూల.

ఇప్పటి పిల్లలకి దాలి అంటే తెలియదు. నేల మీద మట్టితో గుంటలా కట్టి, అందులో పిడకలు పేర్చి నిప్పు వేసేవారు. అది మండదు, రాజుకుంటూ ఉంటుందంతే. పొద్దున్నే కాచిన పాలకుండ దాని మీద పెడితే మధ్యాహ్నం దాకా సన్నగా కాగుతూ, పైన ఎర్రటి మీగడ అట్టలా కడుతుంది. ఆ పాలు తోడుపెడితే వచ్చే పెరుగు రుచి, ఆ పెరుగు చిలికితే వచ్చే వెన్న వాసన మళ్ళీ నేను ఎక్కడా చూడలేదు. అత్తయ్యగారి రాజ్యం అది. దాలి, పక్కనే కట్టెల పొయ్యి, దాని వెనక నల్లగా పొగచూరిన గోడ.

1984లో నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. పొయ్యి ముందు కూర్చుంటే కళ్ళలోంచి ధారలు, రాత్రంతా దగ్గు. నేనే మావారి వెంటపడి గ్యాసుకి పేరు రాయించాను. రెండేళ్ళ తర్వాత సిలిండర్ వచ్చింది. అత్తయ్యగారు ఒక్కమాట అనలేదు. దాలి ఆరిపోయింది, గుంట పూడ్చేశాం. గ్యాసు రావడం మంచిదేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. కట్టెల పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో డాక్టర్లని అడగండి. 1999లో దీపం పథకం కింద గ్యాసు అందుకున్న ఆడవాళ్ళని అడగండి. కాకపోతే ఆ రోజు నుంచి ఆవిడ పాలు తాగడం తగ్గించేశారు. "ఇవి పాలు కావే, వేణ్ణీళ్ళు" అనేవారు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

ఇప్పుడావిడకి ఎనభై ఆరు. వేసవిలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ అన్నం సయించడం లేదు. రెండు ముద్దలు తిని కంచం జరిపేస్తున్నారు. డాక్టరు జబ్బేమీ లేదన్నారు. టానిక్కు రాశారు. ఆ టానిక్కు వాసన చూసి ఉన్న ఆకలి కూడా పోయింది.

ఇలాంటి సమయంలో ఆవిడ మూలలో కొత్త పొయ్యి పెడతామని అడగాల్సి వచ్చింది. మావారు అడగరు, తల్లి దగ్గర ఆయనకి నోరు లేవదు. నేనే అడిగాను. "పెట్టుకోండమ్మా, నాదేముంది?" అన్నారు. ఈ మాటకి అర్థం ఏమిటో అత్తగారు ఉన్న ప్రతి కోడలికీ తెలుసు. మర్నాడు చింతపండు బుట్ట తీసుకెళ్ళి సరిగ్గా ఆ మూలలోనే పీట వేసుకుని గింజలు తీస్తూ కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు పార్సిల్ ఆఫీసు నుంచి ఫోను, మీ సామాను వచ్చింది తీసుకెళ్ళమని.

ట్రాలీ ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. అక్కణ్ణుంచి మా గుమ్మానికి పందొమ్మిది మెట్లు. వన్ టౌన్‌లో ఉన్న సుఖం ఏమిటంటే బరువుకి భయపడక్కర్లేదు, ముఠావాళ్ళు ఉన్నారు. సామారంగం చౌక్‌లో నిలబడి పిలిస్తే నలుగురు వస్తారు. వచ్చిన ముఠామేస్త్రి అట్టపెట్టె చుట్టూ ఓసారి తిరిగి "లోపలేముందమ్మగారూ?" అన్నాడు. పొయ్యి అన్నాను. నా మొహం కేసి చూసి, అబద్ధమని నిర్ధారణ చేసుకుని, మావాణ్ణి అడిగాడు. వాడూ పొయ్యే అన్నాడు.

అతని తెలివికి మెచ్చుకోవాలి. ముందు పెట్టె విప్పించాడు. లోపలున్న బొగ్గుల గిన్నె, మట్టి పలకలు, జల్లెళ్ళు అన్నీ విడివిడిగా తీయించి ఒక్కొక్కటే పైకి చేరవేయించాడు. దాంతో బరువు బాగా తగ్గింది. "పిడి పట్టుకోకండ్రా, మూత కట్లు పట్టుకోకండ్రా, ఊడొస్తాయి" అని అరిచాడు. ఆ పొయ్యితో వచ్చిన పుస్తకంలోనూ అదే రాసి ఉందని మావాడు తర్వాత చూపించాడు. మూత తెరుచుకోకుండా తాడు చుట్టి, మొత్తానికి రెండు మడతల గోనెపట్టా కప్పి, మోకుతో ఉట్టిలా కట్టి, వెదురుబొంగుకి వేలాడదీశారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. మెట్లెక్కేటప్పుడు ముందువాళ్ళు బొంగు నడుం దగ్గరికి దించి పట్టుకున్నారు, వెనకవాళ్ళు భుజం మీదికి ఎత్తుకున్నారు. అప్పుడు పొయ్యి వెనక్కి జారదు. మేస్త్రి ఓ చెయ్యి దాని అడుగున ఆనించి పక్కనే నడిచాడు.

హైలెస్సా అని పాట మొదలయ్యేసరికి సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. వినాయకుడా అని ఒకావిడ, వాటర్ ట్యాంకా అని ఇంకొకావిడ. పైమెట్టు మీదున్న పెద్దాయన లేచి నిలబడి దణ్ణం పెట్టేశారు. పాపం ఆయనకి చూపు ఆనదు. పదమూడో మెట్టు దగ్గర వెనకవాడి చెప్పు జారింది. మూట ఊగి గోడకి తగులుతుందేమోనని మావాడు కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రి మోచెయ్యి అడ్డం పెట్టాడు. చర్మం లేచిపోయింది గానీ పొయ్యికి గీత పడలేదు. మావారు కూలి దగ్గర బేరం మొదలుపెట్టబోతే నేను కళ్ళతోనే ఆపాను. అడిగింది ఇచ్చి, పైన మందుకి ఇచ్చి, మజ్జిగ పోశాం.

వసారాలో దించారు. మూల ఖాళీ లేదు కదా, అక్కడ అత్తయ్యగారు, ఆవిడ చింతపండు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆవిడే లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి, గోనె తీయించి, వేలు మడిచి దాని మీద టకటకా కొట్టారు. కుమ్మరిపాలెంలో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు. చెవి ఆనించి విన్నారు. "కుండేగా" అన్నారు.

"అవును నాయనమ్మా, మందం ఎక్కువ, అంతే" అన్నాడు వీడు. కింది తలుపు తెరిచి చూపించాడు. నెత్తిన ఉన్న కన్నం తిప్పి చూపించాడు. కింద ఎంత గాలి వదిలితే నిప్పు అంత, రెండూ కొంచెం కొంచెం తెరిస్తే సన్నసెగ మీద ఎనిమిది తొమ్మిది గంటలు ఉంటుంది, రెండూ మూసేస్తే నిప్పు ఆరిపోయి మిగిలిన బొగ్గు రేపటికి పనికొస్తుంది అని పాఠం చెబుతున్నాడు. ఆవిడ సగంలో ఆపేశారు.

"ఇది దాలిరా. డబ్బు పోసి దాలి కొన్నావు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి "ఆ పీట తియ్యవే. అక్కడే పెట్టించు. కింది తలుపు ఇంటివైపు తిప్పనివ్వకు, రవ్వలు పడతాయి" అన్నారు.

పెట్టించాను. మేస్త్రి వెళ్ళేలోపు నాలుగు ఇటుకల వరస వేయించి దాని మీద కూర్చోబెట్టించాను, నేల వేడెక్కకుండా.

ఇక బొగ్గుల సంగతి. ఇస్త్రీ బండి అబ్బాయి సర్కారు తుమ్మ బొగ్గు దొరికే చోటు చెప్పాడు. తెచ్చిన బస్తాలోంచి అత్తయ్యగారు రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి కొట్టి, టంగుమని మోగినవి ఒకవైపు, మెత్తగా విరిగినవి ఒకవైపు ఏరించారు. మోగేవే ఎక్కువసేపు నిలుస్తాయి. కిరసనాయిలు పోసి అంటించబోతే ఊరుకోలేదు, మట్టి ఆ వాసన పీల్చుకుంటే జన్మలో వదలదట. కొబ్బరిపీచుతో రాజేయించారు. మీలో ఎవరింటికైనా ఇలాంటిది వస్తే నావి రెండు మాటలు. వేడి మీద నీళ్ళు పోస్తే మట్టి పగులుతుంది, ఎప్పుడూ పోయకండి. లోపల నిప్పుండగా మూత ఒక్కసారి ఎత్తకండి, గాలి దూరి మంట మొహం మీదికి వస్తుంది. ముందు అంగుళం ఎత్తి, ఆగి, అప్పుడు తెరవండి. బొగ్గు నిప్పు ఏదైనా సరే, మూసిన గదిలో వద్దు, ప్రాణం తీస్తుంది.

మొదటి ఆదివారం మావాడు కోడిని మసాలా పట్టించి పెట్టాడు. బాగానే వచ్చింది, నేను కాలు మీద కాలేసుకుని తిన్నాను. రెండో ఆదివారం తేగలు కొన్నాను. మా పుట్టింట్లో తేగలు కుండలో నిలువుగా కూరి, మూతికి ఆకులు కుక్కి, బోర్లించి పైన గడ్డి వేసి తగలబెట్టేవారు. తంపట అనేవాళ్ళం. ఈ పొయ్యిలో వేస్తే అచ్చం అదే వాసన. అత్తయ్యగారు పళ్ళు లేకపోయినా ఒక తేగ చంద్రం నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించారు.

ఆ సాయంత్రమే వెళ్ళి కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర చిన్న మట్టి అటిక కొన్నాను. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మర్నాడు అందులో పాలు పోసి, ఒక పొంగు రానిచ్చిన తర్వాత పొయ్యిలో పెట్టాను. మధ్యలో మట్టి పలక అడ్డం ఉంచి, కింది తలుపు వేలెడంత, పై కన్నం గోరంత తెరిచాం. మావాడు ఆఫీసు పని మధ్యలో అరగంటకోసారి వచ్చి వేడిముల్లు చూసి వెళ్ళాడు. అత్తయ్యగారు ముల్లు చూడలేదు. మూత మీద అరచెయ్యి కాస్త ఎడంగా పెట్టి "తగ్గించు" అనో "ఉండనీ" అనో చెప్పేవారు. రెండుసార్లు ముల్లు కూడా ఆవిడ చెప్పినట్టే ఉంది. మూడోసారి నుంచి వాడు ఆవిడనే అడగడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి తీశాం. లేత గోధుమరంగు మీగడ, అంచుల్లో ముడతలు. గ్లాసులో పోసి ఇచ్చాను. ఊదుకుంటూ సగం దాకా తాగి గ్లాసు దించారు. నేను అక్కడే నిలబడ్డాను. మళ్ళీ తీసుకుని మిగతాది తాగారు. పైట కొంగుతో మూతి తుడుచుకున్నారు.

"ఎలా ఉన్నాయి అత్తయ్యగారూ?" అని అడిగాను.

"ఇంకా ఎర్రబడాలి. రేపు బొగ్గుల మీద పిడకముక్క ఒకటి వెయ్యి" అన్నారు.

వన్ టౌన్‌లో పిడకలు ఎక్కడ దొరుకుతాయా అని మావారిని వెతకడానికి పంపించాను.