అమ్మ మాట వినిపించేంత దూరంలో

గత సంవత్సరం కార్తిక మాసంలో ఒకనాటి సాయంకాలం ఖరగ్‌పూర్ నుండి మా అన్నగారి అమ్మాయి టెలిఫోను చేసింది.

"చిన్నాన్నా, మాఘమాసంలో పిల్లకు ఓణీల వేడుక చేస్తున్నాం. ఈసారి మనమే ఒక మంచి వీడియో కెమెరా కొనుక్కుందామని అనుకుంటున్నాం. ఏది కొనమంటారు? మన ఇంట్లో కెమెరాల సంగతి తెలిసినవారు మీరే గదా!"

ఆ చివరి మాట నా గుండెలో ముల్లులా గుచ్చుకుంది. "రెండు రోజులు గడువియ్యమ్మా, ఆలోచించి చెబుతాను" అని ఫోను పెట్టేశాను. జవాబు తెలియక కాదు. ఇరవై ఏళ్లకు పూర్వం, ఈ అమ్మాయి పెళ్లి కోసమే, నేను ఇదే ప్రశ్నతో కలకత్తా వీధులన్నీ తిరిగాను. ఎంతో విచారించి, ఎందరినో అడిగి, చివరకు తప్పు కెమెరాను ఎంచుకున్నాను. ఆ తప్పుకు మూల్యం డబ్బు మాత్రమే అయి ఉంటే ఏనాడో మరచిపోయేవాడిని.

మాది విజయనగరం జిల్లా. బొబ్బిలి దగ్గర ఒక చిన్న గ్రామం. మా నాన్నగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో గుమాస్తాగా చేరి కలకత్తా వచ్చారు. ఆ రైలు మార్గాన్ని పట్టుకొని వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోను, గార్డెన్‌రీచ్‌లోను నేటికీ ఉన్నాయి. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయింది. నేను కూడా హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ప్రధాన కార్యాలయంలోనే ఉద్యోగం చేసి విరమించాను. నగరానికి 2001లో కోల్‌కతా అని పేరు మారినా, మా ఇంట్లో మాత్రం అది ఇప్పటికీ కలకత్తాయే. నాన్నగారు పదవీ విరమణ చేశాక అమ్మా, ఆయనా మా ఊరు వెళ్లిపోయారు. ఆయన పోయాక అమ్మ అక్కడే ఒంటరిగా ఉండేది. మా పిల్లలు వీధిలో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో సగం తెలుగు మాట్లాడుతూ పెరిగారు. నిండైన తెలుగు వారి చెవిన పడేది అమ్మ వచ్చినప్పుడే.

2004 మాఘంలో అన్నగారి అమ్మాయి పెళ్లి కుదిరింది. అమ్మకు అప్పటికి డెబ్బై అయిదేళ్లు. పెళ్లికూతురును సాగనంపేటప్పుడు అప్పగింతల పాట తానే పాడతానని ముందుగానే కబురు పంపింది. ఆ పాట మా వంశంలో ఆడవారి నోటనే నిలిచింది. ఎక్కడా రాసిపెట్టినది కాదు. అందుకే నేను చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో డిజిటల్ క్యామ్‌కార్డర్ కొనాలని నిశ్చయించుకున్నాను.

అవి టేపు కెమెరాల రోజులు. 1995లో వెలువడిన మినీ డీవీ అనే చిన్న క్యాసెట్టు అప్పటికి మధ్యతరగతి వారికి కూడా అందుబాటులోకి వచ్చింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఆ డబ్బాలో 6.35 మిల్లీమీటర్ల వెడల్పు గల టేపు చుట్టి ఉంటుంది. దానిమీద 60 నిమిషాల దృశ్యం అంకెల రూపంలో పడుతుంది. ఆఫీసులో ఒక మిత్రుడు అమెరికా నుండి తెప్పించుకోమన్నాడు. మరొకరు ఖిదిర్‌పూర్‌లోని ఫ్యాన్సీ మార్కెట్‌కు వెళ్లమన్నారు. నేను మాత్రం ఎస్ప్లనేడ్‌లో మెట్రో సినిమా పక్కనున్న గల్లీకి వెళ్లాను. కెమెరాలు కొనేవారికీ, బాగుచేయించుకునేవారికీ ఆ గల్లీ పెట్టింది పేరు.

అక్కడ ఒక చిన్న దుకాణంలో ధోవతి కట్టుకున్న వృద్ధుడు కూర్చొని ఉన్నాడు. అమెరికా సంగతి చెప్పగానే తల అడ్డంగా ఊపాడు. అక్కడి టెలివిజన్ పద్ధతి ఎన్టీఎస్‌సీ అనీ, అందులో బొమ్మకు 525 గీతలు, సెకనుకు దాదాపు 30 చిత్రాలు ఉంటాయనీ, మనది పాల్ పద్ధతి గనుక 625 గీతలు, 25 చిత్రాలనీ, ఆ కెమెరా మన టీవీతో సరిగా పొసగకపోవచ్చుననీ ఓపికగా వివరించాడు. తరువాత రెండు కెమెరాలు తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

ఒకదాని పెట్టె మీద "700 రెట్లు" అని పెద్ద అక్షరాలతో ఉంది. రెండవదాని మీద అటువంటి ఆర్భాటం లేదు. పది రెట్లు మాత్రమే. కాని దానికి ఒక పక్కన విడిగా మైకు తగిలించుకునే చిన్న రంధ్రం ఉంది.

"ఏమి తీస్తారు దాదా?" అని అడిగాడాయన.

"పెళ్లి. మా అమ్మ పాడుతుంది."

"అయితే ఇది తీసుకోండి" అని రెండవదాన్ని నా వైపు జరిపాడు. "ఆ 700 అంకెను నమ్మకండి. అద్దాలు కదిలి పెంచేది పదో, పదహారో రెట్లు. ఆపైన అంతా ఉన్న బొమ్మనే సాగదీయడం. పాట కావాలంటే మైకు కావాలి."

ఆయన మాట విని ఉండవలసింది. కాని నా కన్ను 700 దగ్గరే ఆగిపోయింది. పెళ్లిమండపంలో ఎక్కడో ఒక మూల నిలబడి, ఎవరికీ అడ్డం రాకుండా, అందరి ముఖాలనూ దగ్గరకు లాక్కోవచ్చునని ఆశపడ్డాను. 26 వేల రూపాయలు లెక్కపెట్టి, మొదటిదాన్నే తెచ్చుకున్నాను.

పెళ్లి దక్షిణ కలకత్తాలో ఒక అద్దె భవనంలో జరిగింది. నేను హాలుకు వెనుక ఉన్న మెట్ల మీద స్థానం ఏర్పరచుకున్నాను. మూడు రోజులూ నా కుడి కన్ను కెమెరాకే అంటుకుపోయింది. అమ్మ రెండుసార్లు నా దగ్గరకు వచ్చింది. "ఏటిరా అది, ఎప్పుడు చూసినా కంటికి అడ్డం పెట్టుకుంటావు? ఇలా వచ్చి కూర్చోరాదూ!" అంది. "పనిలో ఉన్నానమ్మా" అన్నాను.

అప్పగింతల వేళ అమ్మ పెళ్లికూతురు చేయి తన చేతిలోకి తీసుకొని పాట ఎత్తుకుంది. నేను మెట్ల మీది నుండే మీట నొక్కాను. అమ్మ ముఖం మెల్లమెల్లగా పెరిగి తెర నిండా వచ్చింది. కంటి కొసన నీటిచుక్క కూడా కనిపించింది. నా కెమెరా గొప్పదనానికి నేనే మురిసిపోయాను.

అమ్మ 2009లో కన్నుమూసింది. పన్నెండో రోజు కార్యక్రమం ముగిశాక అందరం ఆ పెళ్లి టేపు పెట్టుకొని కూర్చున్నాం. అమ్మ ముఖం తెర నిండా వచ్చింది. పెదవులు కదులుతున్నాయి. వినిపించింది మాత్రం భవనం వెనుక ఆడుతున్న జనరేటరు హోరు, కుర్చీలు సర్దుతున్న చప్పుడు, రసగుల్లాల కుండ ఎక్కడ పెట్టాలని వంటవాళ్లు బెంగాలీలో వేసే కేకలు. వాటి అడుగున ఎక్కడో సన్నని జీరగా అమ్మ గొంతు. ఒక్క మాట కూడా తెలియలేదు. మా వదిన టీవీకి చెవి ఆనించి వింది. మా అక్క తనకు గుర్తున్న రెండు చరణాలు చెప్పి, ఆపైన ఏడ్చేసింది. ఆ పాట మిగిలిన భాగం మా వంశంలో ఇప్పుడు ఎవరికీ రాదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి నాకు తెలిసింది. అద్దాలు దృశ్యాన్ని దగ్గరకు తెస్తాయి గాని ధ్వనిని తేలేవు. కెమెరాకు ఉన్న చెవి నేను నిలబడిన చోటనే ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దతీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలున్న హాలులో ప్రతిధ్వని కలిసి మాటలను మరింత అలికేస్తుంది. పైగా ఆ కెమెరాలు శబ్దం తక్కువగా ఉన్నప్పుడు తమంతట తామే స్థాయిని పెంచుకుంటాయి. అప్పుడు మనకు కావలసిన గొంతుతోపాటు అక్కరలేని హోరు కూడా పెరుగుతుంది. నా కంటికి అమ్మ అడుగు దూరంలో ఉంది. నిజానికి నేను అమ్మకు నలభై అడుగుల దూరంలో ఉన్నాను.

ఆ తరువాత క్యాసెట్లను అలమారులో పడవేశాను. చూడాలని మనసు రాలేదు. కలకత్తా గాలిలోని తేమ సంగతి ఇక్కడివారికి తెలుసు. పుస్తకాలకూ, కటకాలకూ బూజు పడుతుంది. టేపుకు కూడా అదే గతి. 2016లో ఈ నగరంలో దాదాపు ఒకటిన్నర శతాబ్దాలు నడిచిన బోర్న్ అండ్ షెపర్డ్ ఫొటో స్టూడియో మూతపడిందని పత్రికలో చదివాను. ఆ వార్తతో మరొక కలకత్తావాసి జ్ఞాపకం వచ్చాడు. ఆయన హీరాలాల్ సేన్. 1898లో రాయల్ బయోస్కోప్ కంపెనీని స్థాపించి, మన దేశంలో చలనచిత్రాలు తీసిన తొలి వారిలో ఒకడైనవాడు. 1917లో అగ్నిప్రమాదం జరిగి ఆయన తీసిన చిత్రాలు దగ్ధమయ్యాయి. ఆ ఏడాదే ఆయనా మరణించాడు. ఈనాడు చూడడానికి ఆయన చిత్రం ఒక్కటీ మిగలలేదు. ఆయనకు నిప్పు అడ్డం వచ్చింది. నాకు అడ్డం వచ్చింది బద్ధకం, సిగ్గు. నా టేపులనైనా బ్రతికించుకోవాలని అనిపించింది.

అప్పటికి నా కెమెరా పాడైపోయింది. టేపు నుండి కంప్యూటరుకు దృశ్యం తీసుకుపోయే ఫైర్‌వైర్ తీగ తగిలించే చోటు కొత్త కంప్యూటర్లలో లేదు. చాందనీ చౌక్‌లో విచారించగా పాత యంత్రాన్ని పదిలంగా దాచుకున్న ఒక యువకుడు దొరికాడు. గంట టేపు ఎక్కించడానికి గంటా పట్టింది. గంటకు సుమారు 13 గిగాబైట్లు. మొత్తం అయిదు క్యాసెట్లు. అక్కడక్కడ బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరింది. నేను పక్కనే స్టూలు మీద కూర్చొని అన్నీ చూశాను.

నాలుగవ క్యాసెట్టు చివర తెర నల్లబడింది. "అయిపోయింది, ఆపేస్తాను" అన్నాడా యువకుడు. ఇంతలో చీకటిలోంచి ఒక గొంతు స్పష్టంగా, పక్కనే కూర్చొని మాట్లాడినట్లుగా వినిపించింది.

"తిన్నావా నాన్నా?"

నేను కెమెరాను ఆపడం మరచి, కటకానికి మూత పెట్టి, అమ్మ కూర్చున్న చాప మీద ఉంచి భోజనానికి వెళ్లి ఉంటాను. పదకొండు నిమిషాలు. బొమ్మ లేదు. అమ్మ నన్ను తిన్నావా అని అడిగింది. నేను ఏదో గొణిగి వెళ్లిపోయాను. తరువాత అమ్మ మా వదినతో మాట్లాడింది. గుమ్మడికాయ పులుసులో బెల్లం ఎక్కువైందన్నది. మా ఊళ్లో ఈ ఏడు చింతకాయ బాగా కాసిందన్నది. పెళ్లికూతురును పిలిచి, అత్తవారింట మొదటి రోజున ఎవరితో ఎలా మాట్లాడాలో చెప్పింది. "వాడికా పెట్టె తప్ప మరో లోకం లేదు. బువ్వయినా తిన్నాడో లేదో చూడమ్మా" అన్నది నా గురించి. అంతే. టేపు అయిపోయింది.

ఆ యువకునికి తెలుగు రాదు. అయినా అతడు ఏమీ అడగలేదు. లేచి వెళ్లి మట్టి కప్పులో టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

పాఠకులు నన్ను క్షమించాలి. కెమెరా సంగతి అడిగితే ఇదంతా చెప్పడమేమిటని అనుకోవచ్చు. కాని నా అనుభవంలో కెమెరాల సంగతి అంతా ఇదే. రెండు రోజుల తరువాత మా అమ్మాయికి ఉత్తరం రాశాను. అందులోని సారాంశం ఇది.

"అమ్మా, పెట్టె మీది పెద్ద అంకెను చూడవద్దు. జూమ్ విషయంలో అద్దాలు ఎన్ని రెట్లు పెంచుతాయో అది మాత్రమే లెక్క. మైకు తగిలించే చోటు ఉందా, వినిపిస్తున్నది సరిచూసుకోవడానికి హెడ్‌ఫోను పెట్టుకునే వీలుందా అని మొదట చూడు. మసక వెలుతురులో బొమ్మ ఎలా వస్తుందో దుకాణంలోనే దీపాలు తగ్గించి పరీక్షించు. గంటల తరబడి సాగే వేడుకను ఒకేచోట నిలబెట్టి తీయాలంటే మార్చుకోగల బ్యాటరీలున్న క్యామ్‌కార్డర్ మేలు. లేదా నీ చేతిలోని ఫోనైనా చాలు. పెద్దవారి కొంగుకు తగిలించే చిన్న మైకు కొను. తీసినదాన్ని రెండు చోట్ల దాచు. ఒకటి నీ ఇంట్లో, ఒకటి మా ఇంట్లో. కొన్నేళ్లకొకసారి కొత్త పరికరంలోకి మార్చు. యంత్రాలు మనకంటే ముందు ముసలివవుతాయి.

"ఏది కొన్నా సరే, దూరంగా నిలబడి తీయకు. దగ్గరకు వెళ్లి కూర్చో. మంత్రాలు, తలంబ్రాలు అందరి పెళ్లిళ్లలోనూ ఒకటే. మీ అమ్మ ఆ పూట వంటింట్లో ఏమి మాట్లాడిందో అది మాత్రం మరెక్కడా దొరకదు."

మాఘమాసంలో నేను ఖరగ్‌పూర్ వెళ్లాను. మా అమ్మాయి ఫోనూ, చిన్న మైకూ తెచ్చి నా చేతికే ఇచ్చింది. మా వదిన హారతి పాట అందుకున్నప్పుడు నేను ఆమె పక్కన చాప మీద కూర్చొని ఉన్నాను. ఫోనును మోకాలి మీద ఆనించి, కళ్లతో ఆమెనే చూస్తున్నాను. బొమ్మ కాస్త వంకరగా వచ్చింది. ఒక మూల ఎవరిదో మోచేయి కూడా పడింది.

ఆ సాయంకాలం ఓణీ కట్టుకున్న పిల్ల దాన్ని పెట్టి చూసింది. రెండుసార్లు విని, మూడవసారి తానూ గొంతు కలిపింది. ఒకచోట మాట అర్థం కాక ఆపి, "అమ్మమ్మా, ఇక్కడ ఏమన్నావు?" అని అడిగింది.

మా వదిన ఆ మాట మళ్లీ చెప్పింది.