చెవికి కవచం

టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు సముద్రాలు దాటి పేరు గడించింది. ఆ శిలను తొలిచే డ్రిల్లింగు యంత్రపు ఘోష 100 డెసిబెల్స్‌ను దాటుతుంది. తుపాకి పేలుడైతే 140ని మించగలదు. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు నశిస్తే తిరిగి పుట్టవు. దూది కుక్కుకోవడం కేవలం ఆత్మవంచన. నురుగు ఇయర్ ప్లగ్గును సన్నగా నులిమి, చెవిదొప్పను పైకి లాగి లోనికి చొప్పించి, అది ఉబ్బేవరకు వేలితో అదిమిపట్టాలి. చెవులను కప్పే ఇయర్ మఫ్ ధరించడం సులువే; అయితే ఉద్దానం తీరానికి చేరువైన ఆ క్వారీల ఉక్కపోతలో చెమటకు విసిగి కార్మికుడు దానిని మాటిమాటికీ తీస్తాడు. 30 డెసిబెల్స్ తగ్గించే సాధనాన్ని 8 గంటల పనిలో అరగంట తీసివేస్తే దక్కే రక్షణ 12 డెసిబెల్స్ మాత్రమే! అతనికి ప్లగ్గే తగినది. తుపాకి క్రీడాకారుడు కొద్దిసేపే కాలుస్తాడు గనుక రెండింటినీ కలిపి ధరించవచ్చు. క్వారీలో మాత్రం మందుగుండు పేల్చేముందు మోగే సైరన్ వినబడాలి. మరీ దట్టమైన కవచమూ అక్కడ ప్రమాదకరమే.