నాలుగో చోటు

రాణాఘాట్ నుండి కలకత్తాకు 1862లోనే రైలు వచ్చింది. పొద్దున పోయి రాత్రికి తిరిగివచ్చేవారు మా ఊళ్లో ఎన్ని తరాలవారో! కళాశాలలో చేరి నేనూ వారిలో ఒకణ్ణయినాను.

రానుపోను 4 గంటలు. మొదటి సెమిస్టరులో ఏమి నేర్చావని ఎవరైనా అడిగితే, ముగ్గురు కూర్చునే బల్లమీద నాలుగో మనిషిగా ఒదగడం నేర్చానని చెప్పవలసి వస్తుంది. ఆ చోటు సగం శరీరానికే చాలుతుంది. మిగిలిన సగం నడవలోనే ఉంటుంది. అదైనా అడగనిదే ఎవరూ ఇవ్వరు. నిత్య ప్రయాణికులకు ఆ పెట్టె సొంత ఇల్లు వంటిది. వారి పేకాట వారిది. పూజా సెలవులు గడచిన తరువాత గాని ఒక పెద్దమనిషి "రావోయ్" అంటూ జరగలేదు.

కళాశాలలో నాకు ఆ పిలుపు రాలేదు. పాఠాలు అందరితో సమంగానే విన్నాను. కాని అసలు కళాశాల సాయంకాలం, కాలేజీ వీధి కాఫీ హౌస్‌లో ఆరంభమవుతుంది. మావారు 'అడ్డా' అనే ఆ తీరిక ముచ్చట్లలో ఎవరు ఏ కవిని మెచ్చారో నాకు మరునాడు అరకొరగా తెలిసేది. అప్పటికి నేను మహాత్మాగాంధీ రోడ్డు వెంట సియాల్దా స్టేషనుకు నడుస్తూ ఉండేవాణ్ణి. నగరంలో గది తీసుకోరాదా అనకండి. రెండు చోట్ల అద్దె కట్టే స్తోమత మాకు లేదు.

ఇల్లు చేరేసరికి అమ్మ అన్నంమీద మూతపెట్టి కునుకుతూ ఉండేది. "ఇవాళ ఏం చెప్పార్రా?" అనేది. చెప్పేవాణ్ణి. సగంలో ఆమెకు నిద్ర పట్టేది. నేను మాత్రం ఆపేవాణ్ణి కాను.