ఉపాధ్యాయుడు - ప్రయాణం

ఇంట గెలిచి రచ్చ గెలవమని సామెత. ఉపాధ్యాయుని విషయంలో ఈ సామెతను తిరగవేసి చెప్పుకోవలెనని మా అనుభవం. రచ్చకు పోయి వస్తే గాని అతనికి తన తరగతి గది అర్థం కాదు.

హంద్రీ ఒడ్డున కల్లూరులో మా కాపురం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ పెరిగి, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివినాము. రెండు భాషలూ తెలిసినవారము గనుక మా విద్యార్థులను మాకంటె బాగా ఎరిగినవారు లేరని కొంత గర్వం ఉండేది.

ఒకనాడు తరగతిలో, పేరును బట్టి ముస్లిం అని తెలిసిన ఒక విద్యార్థిని ఉర్దూలో ఏదో అడిగినాము. అతడు తెల్లముఖం వేసినాడు. "ఉర్దూ రాని సాయిబువు ఎక్కడివాడివయ్యా?" అని హాస్యమాడినాము. తరగతి అంతా నవ్వింది. మరునాటి నుండి ఆ కుర్రవాడు రాలేదు. పది దినాలు గడిచినవి. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడింది.

ఆదివారం నాడు బస్సెక్కినాము. బేతంచెర్ల నాపరాళ్ల గనులు దాటి బనగానపల్లె దిగి, దాపుననే ఉన్న అతని పల్లెకు నడిచినాము. బనగానపల్లె అంటే మాకు మామిడిపండు తెలుసు. 1948 వరకు సాగిన నవాబుల సంస్థానం తెలుసు. నవాబులేలిన సీమలో ఉర్దూ రాని ముస్లిం ఎట్లుంటాడని దారిపొడుగునా మా ఆలోచన.

ఆ ఇంటి వసారాలో దూది కుప్ప ఉంది. తండ్రి పరుపు కుడుతున్నాడు. వారు దూదేకులవారు. తరతరాలుగా వారి ఇంటిభాష తెలుగు. ఆయన మాకు మజ్జిగ ఇప్పించి, నెమ్మదిగా అన్నాడు: "మా యింట్లో నమాజుండాది సార్. తురకం మటుకు రాదు. దానికే పిల్లోడు సిగ్గుపడినాడు."

మేము తల ఎత్తలేకపోయినాము. తిరుపతి హాస్టలులో చేరిన తొలిదినాలు జ్ఞాపకం వచ్చినవి. మా కర్నూలు యాసకు తోటివారు నవ్వితే, నాలుగు దినాలు భోజనశాలలో నోరు విప్పలేదు. కుర్చీ ఎక్కిన తరువాత ఆ బాధ మరచినాము.

సాయంకాలం ఆ కుర్రవాడు మమ్ములను రవ్వలకొండకు తీసికొనిపోయినాడు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం వ్రాసినట్లు చెప్పుకొనే గుహ అక్కడ ఉన్నది. "స్వామి శిష్యుడు సిద్ధయ్య మా దూదేకులాయనే సార్" అని మొదలుపెట్టి అరగంటసేపు చెప్పినాడు. సంవత్సరమంతా తరగతిలో ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పని పిల్లవాడు! అతనికి భాష లేదనుకొన్నాము. నిజానికి మాకు చెవి లేదు.

సోమవారం అతడు రాలేదు. మంగళవారం వచ్చినాడు. పాఠానికి ముందు అందరి ఎదుట మా తప్పు ఒప్పుకొన్నాము. ఈమారు ఎవరూ నవ్వలేదు.

ఇదే తరగతిలో ఆదోని, ఆలూరు ప్రాంతాల పిల్లలున్నారు. 1953 వరకు ఆ తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. నేటికీ అక్కడ కొందరి ఇంటిభాష కన్నడం. మరికొందరి కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోతాయి. మా హాజరుపట్టీలో మాత్రం ఆ పిల్లలు 'రాలేదు' అన్న ఒక్క గుర్తు పడుతుంది. ఎందుకు రాలేదో పట్టీ చెప్పదు; ఆ ఊరి బస్సెక్కితేనే తెలుస్తుంది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: ప్రతి ఉపాధ్యాయుడు సంవత్సరానికి రెండుమార్లైనా విద్యార్థుల ఊళ్లకు పోయిరావలెను. ఖర్చు బస్సుచార్జీ మాత్రమే. పోయేది తనిఖీకి కాదు, కూర్చుండి వినుటకు. ఒక ఇల్లు చూచి ఊరంతా తెలిసిందనుకొంటే మాత్రం మా పాత గర్వం మరల తలెత్తినట్లే.

వచ్చే సెలవులలో ఆలూరు బస్సు ఎక్కదలచినాము. ఆ ప్రాంతపు విద్యార్థులు ముందుగా నాలుగు కన్నడం మాటలు నేర్పితే కృతజ్ఞులము. మేము తప్పు పలికితే నవ్వవచ్చును. ఆ నవ్వు మాకు బాకీ ఉన్నది.